ఎడమ సీటు పక్కన ఎర్ర తాళంచెవి

గద్వాలలో బ్యాటరీల దుకాణం నడిపే వసంతకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. వైరు మీద టేపు వదులుగా చుట్టినా వస్తుంది, బ్యాటరీలో నల్లా నీళ్లు పోసినా వస్తుంది, "అక్కా, ఇంకెంతసేపు" అని రెండోసారి అడిగితే ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ పొద్దు వచ్చిన కోపానికి మాత్రం అసలైన కారణమే ఉంది. ఇమామ్ సాహెబ్ కొడుకు యాసర్ దుకాణం ముందు స్కూటర్ ఆపి, కాలు కింద పెట్టకుండానే మాట విసిరేశాడు.

"వసంతక్కా, మా జోయా పెళ్లికి అబ్బా కారు వద్దనుకుంటున్నం. మహబూబ్‌నగర్‌ల తెల్ల కారు మాట్లాడిన. అబ్బాకు నువ్వు చెప్తే వింటడు. జర చెప్పరాదూ?"

"నీ తండ్రికి చెప్పే మాట నా నోట చెప్పిస్తవా? నీకు నోరు లేదా?"

"ఉంది గని, ఆయన మొహం చూస్తే మాట వస్తలేదక్కా" అన్నాడు యాసర్. పాపం, అబద్ధం కాదది.

ఇమామ్ సాహెబ్ కారంటే పాత అంబాసిడర్. నలభై ఏళ్లకు పైగా ఆయన చేతిలోనే ఉంది. టాక్సీగా తిరిగినన్నాళ్లు తిరిగింది, తర్వాత ఇంటి మనిషైపోయింది. ఆ గల్లీలో ఒక ఆనవాయితీ ఉంది. హిందువుల పిల్లయినా, తురకల పిల్లయినా, పెళ్లయి అత్తగారింటికి పోయేది ఆ కారులోనే. కిరాయి అడిగేది లేదు, ఇచ్చేది లేదు. డ్రైవరు సీట్లో ఇమామ్ సాహెబ్ కూర్చుని మూడుసార్లు హారన్ కొడితే గల్లీ అంతా బయటికొచ్చేది. వసంత కూడా పెళ్లయ్యాక వడ్డేపల్లి నుంచి ఈ గల్లీకి వచ్చింది ఆ కారులోనే. ఇప్పుడు ఆయన సొంత కూతురు, అందరికన్నా చిన్నది జోయా, వనపర్తికి కోడలిగా పోతోంది. ఆ పిల్లకు మాత్రం కిరాయి కారట!

తప్పు యాసర్‌ది కాదు, కారుది అంతకన్నా కాదు. నెల కింద ఇంటి ముందు నిలబెట్టిన కారులోంచి ఉన్నట్టుండి పొగ లేచింది. డ్యాష్‌బోర్డు వెనక ఏనాటిదో వైరు, తోలు పోయి రేకుకు తగిలింది. బ్యాటరీ కనెక్షన్ ఊడదీస్తే ఆగే పొగ అది. ఆ సంగతి ఇమామ్ సాహెబ్‌కు తెలిసినంత ఆ గల్లీలో ఇంకెవరికీ తెలియదు. పానా పట్టుకుని ఉరికాడు, బానెట్ ఎత్తాడు. కాని రెండేళ్ల నుంచి ఆయన చేతులు వణుకుతున్నాయి, నడపడం యాసర్‌కు వదిలేసి ఎడమ సీట్లోకి మారాడు. దవాఖానలో ఇచ్చిన మందులు వేసుకుంటూనే ఉన్నాడు, చేతులు వణుకుతూనే ఉన్నాయి. పానా నట్టు మీద కూర్చోలేదు. ఒకసారి జారింది. రెండోసారి ఇంజన్ సందులోకి పడిపోయింది. చివరికి యాసర్ ఇంట్లోంచి గొడ్డలి తెచ్చి కేబులు నరికితే పొగ ఆగింది.

ఆ రోజు నుంచి ఇమామ్ సాహెబ్ కారు దగ్గరికి పోవడం మానేశాడు. తెల్ల కారు సంగతి చెవిన పడినప్పుడు కూడా ఆయన కోప్పడలేదు. "మీ ఇష్టం" అన్నాడట. పోట్లాడే మనిషి మీ ఇష్టం అన్నాడంటే, లోపల ఏదో విరిగిందని అర్థం.

"తెల్ల కారుకు ఇప్పుడే మాట ఇయ్యకు" అంది వసంత. "ఆ బండిని నేను చూస్త."

"పొగ మళ్లొస్తే? లోపల పెళ్లిపిల్ల ఉంటది అక్కా."

"రాకుండ చేస్త. వచ్చినా ఆగేటట్టు చేస్త. నా మాట మీద ఉండు."

అనడం అనేసింది కాని, యాసర్ పోయాక స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆ స్టూలు ఇమామ్ సాహెబ్‌ది.

పన్నెండేళ్ల కిందటి మాట. వసంత భర్త బాలన్న గుండె ఆగి పోయాడు. దుకాణం షట్టరు నెల రోజులు లేవలేదు. సామాను అమ్మేసి పుట్టింటికి పొమ్మని అత్తింటివాళ్లు సలహా ఇచ్చారు. ఆడమనిషి బ్యాటరీలు మోస్తుందా అని నవ్వారు కూడా. అప్పుడొక మధ్యాహ్నం ఇమామ్ సాహెబ్ అంబాసిడర్ తెచ్చి మూసిన షట్టరు ముందు నిలబెట్టాడు.

"షట్టర్ లేపు బిడ్డా. హారన్ మోగుతలేదు."

"నాకు పని రాదు చాచా."

"నాకు వచ్చు. నోటితోని నేను చెప్త, చేతులతోని నువ్వు చెయ్యి."

"ఖరాబైతే?"

"నాదే గద బండి. నీకు చేతనైనంత ఖరాబ్ చెయ్యి."

చేసింది! ఆ ఏడాదిలో ఆయన కారును ఆమె పెట్టని తిప్పలు లేవు. ఫ్యూజులు లెక్కలేనన్ని మాడ్చింది. ప్లస్సు మైనస్సు తారుమారు చేసి రేడియో కాల్చేసింది. ఆయన మాత్రం స్టూలు మీద కూర్చుని, "సుబహానల్లా! రేడియో పీడ పోయింది, ఇగ నీ మాట జర వినబడతది" అని నవ్వేవాడు. పని పూర్తిగా వచ్చాక ఒకనాడు వసంతకు సంగతి తట్టింది. ఆ మొదటి రోజు హారన్ వైరు తెగలేదు, కాలలేదు, నట్టు విప్పి శుభ్రంగా పక్కన పెట్టి ఉంది. ఆయనే పీకి తెచ్చాడు. అది తెలిసిన రోజు ఆమె షట్టరు సగం దించుకుని ఏడ్చింది. ఎన్నోసార్లు చెప్పబోయింది, చాచా, నువ్వు లేకపోతే నేను ఏమైపోదునో అని. ఎప్పుడు మొదలుపెట్టినా ఆయనది ఒకటే మాట. "పని చూడు బిడ్డా, పని."

యాసర్ వచ్చిపోయిన ఆ సాయంత్రం వసంత వాళ్లింటికి పోయేసరికి ఇమామ్ సాహెబ్ అరుగు మీద మంచంలో కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు. ఆయన భార్య మున్నీబీ ఛాయ్ తెచ్చింది.

"చాచా, బండికి కట్ ఆఫ్ స్విచ్చు పెడత" అంది వసంత. "బ్యాటరీ మైనస్ కేబులు బాడీకి పోతది గద, నడుమల స్విచ్చు. దానికి ఒక ఎర్ర తాళంచెవి. సగం తిప్పితే చాలు, మొత్తం బండికి కరెంటు బంద్. పానా అక్కర్లేదు."

పానా అనే మాట దగ్గర ఆయన తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "పెడితే పెట్టు. బానెట్ కింద పెట్టు. బండి మొహం ఖరాబ్ గావద్దు."

"బానెట్ కింద పెడితే పొగలో చెయ్యి పెట్టి తిప్పుతవా? లోపల్నే పెడత."

"అయితే డ్రైవర్ దిక్కు పెట్టు అక్కా, నా చేతికందేటట్టు" అన్నాడు యాసర్.

"ఎడమ దిక్కు పెడత. చాచా కూర్చునే దిక్కు."

"నడిపేది నేను గద?"

"అందుకే. నడిపేటోని కండ్లు రోడ్డు మీదుంటయి. పక్కన కూర్చునేటాయన కండ్లు బండి మీదుంటయి. ఆయన చెవి, ముక్కు గూడ బండి మీదనే ఉంటయి. నీకు ఆ బండి సంగతి ఎంత తెల్సు? పాటలు పెట్టుకుని నడుపుతవు!"

ఆమె చెప్పిన కారణం నిజమే, కాని అదొక్కటే కాదు. ఆ కారులో ఎడమ సీట్లో ఇమామ్ సాహెబ్ చేతులు ముడుచుకుని, సొంత బండిలో చుట్టంలాగా కూర్చోవడం ఆమె చూడలేకపోతోంది. తనకు పని లేనప్పుడు పని తెచ్చిచ్చిన మనిషి ఆయన. ఆయనకు పని లేకుండా పోతే ఊరుకుంటుందా!

చివరికి యాసర్ ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. స్విచ్చు బిగించాక వారం రోజులు నడిపి చూస్తారు. అంతా బాగుంటే జోయా ఆ కారులోనే పోతుంది. దారిలో ఏమైనా తేడా వస్తే మాత్రం పిల్లను వెంటనే వేరే కారు ఎక్కిస్తాడు.

రెండు రోజులు పట్టింది పని. మాడిన పాత వైర్లన్నీ వసంత పీకి పారేసి కొత్తవి వేసింది. నరికిన కేబులు స్థానంలో మందపాటి కొత్త కేబులు రెండు ముక్కలు కోసి, కొసలకు థింబుల్లనే లోహపు తొడుగులు నొక్కి బిగించింది. ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి స్విచ్చుకు, రెండోది స్విచ్చు నుంచి బాడీ బోల్టుకు. ఆ బోల్టు కింద రంగును ఉప్పుకాగితంతో రుద్ది, రేకు తళతళలాడాక వాసెలిన్ పూసింది. కేబులు రేకులోంచి లోపలికి వచ్చే చోట రబ్బరు వాషరు పెట్టింది, రేకు అంచుకు ఒరుసుకుని తోలు పోకుండా.

ఆఖరున బ్యాటరీ మైనస్ మొన మీద సైకిల్ ట్యూబు తొడిగి, దాని మీద టేపు చుట్టీ చుట్టీ బిగించింది. యాసర్ చూసి పగలబడి నవ్వాడు.

"ఏంది అక్కా, పసిపిల్లకు కుళ్లాయి పెట్టినట్టు?"

"మీ నాయిననే నేర్పిండు. బ్యాటరీ మీద ఖాళీ మొన కనబడితే మనోళ్లు ఊకుంటరా? ఒకడు ఫ్యాన్ కడతడు, ఒకడు ఫోన్ చార్జర్ కడతడు. నేరుగా మైనస్‌కే కడితే ఇగ నా స్విచ్చు దాన్ని ఆపలేదు. కనబడకుంటే ఎవడూ ముట్టడు."

ఇమామ్ సాహెబ్ స్టూలు మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. నెల తర్వాత మొదటిసారి నవ్వాడు.

వసంత ఎడమ తలుపు తెరిచి, "రా చాచా, చూడు" అంది. "బండి నడుస్తుండంగ ఊరికెనే ముట్టొద్దు. నిలబెట్టినంక రోజూ బంద్ చెయ్యాలె. పొగ కనబడితే మాత్రం ఎవ్వర్నీ అడగొద్దు, తిప్పెయ్యాలె."

ఆయన చెయ్యి చాచాడు. గాలిలో వేళ్లు గడగడ వణికాయి. ఎర్ర తాళంచెవి పెద్దది, అరచేతికి నిండుగా ఉంది. దాని మీద పడగానే వేళ్లకు పట్టు దొరికింది. సగం తిప్పాడు. టక్కుమంది. యాసర్ హారన్ నొక్కాడు, మోగలేదు. లైటు నొక్కాడు, వెలగలేదు. మళ్లీ తిప్పాడు, టక్కుమంది. హారన్ గల్లీ అంతా మోగింది.

"బిడ్డా, ఇది నాతోని అయితది" అన్నాడు ఇమామ్ సాహెబ్. అదేదో ఆయనకే నమ్మకం కుదరనట్టు ఇంకో నాలుగుసార్లు తిప్పాడు. వసంత పానాలు సర్దుకునే నెపంతో మొహం అటు తిప్పుకుంది.

ఆ వారం మున్నీబీ గోల చెప్పనలవి కాదు. "పొద్దుగాల ఛాయ్ కన్న ముందు పోయి స్విచ్చు ఆన్ చేస్తుండు. మాపటికి బంద్ చేస్తుండు. బండి యాడికీ పోకున్నా సరే! నమాజు తప్పినా గది తప్పదు ఈయనకు" అని ఎదురొచ్చిన వాళ్లందరికీ చెప్పింది. మొహంలో మాత్రం సంతోషం దాగలేదు. బండి ఒక్కసారి కూడా పొగ వదల్లేదు. యాసర్ మహబూబ్‌నగర్‌కు ఫోన్ చేసి తెల్ల కారు వద్దన్నాడు.

పెళ్లినాడు మధ్యాహ్నం నిఖా అయ్యింది. వసంత భోజనానికి కూర్చున్న వేళ పూల భాస్కర్ వచ్చి కారు ముస్తాబు చేశాడు. గద్వాలలో పెళ్లికారంటే భాస్కర్ చెయ్యి పడాల్సిందే. గులాబీ దండలు బైండింగ్ వైరుతో కట్టేశాడు, పైన రంగురంగుల చిన్న బల్బుల సరం కూడా చుట్టాడు. వసంత చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ముస్తాబు అయిపోయింది, భాస్కర్ ఇంకో పెళ్లికి వెళ్లిపోయాడు. బానెట్ నిండా దండలు. ఎత్తి చూద్దామంటే పెళ్లివాళ్లు తొందరపడుతున్నారు, సాగనంపే వేళ దాటుతోందని. ఏం కాదులే అనుకుంది. ఆ ఏం కాదులే అన్నదే ఆమె చేసిన తప్పు.

మున్నీబీ ఏడుస్తూ జోయా జబ్బకు పచ్చగుడ్డలో రూపాయి బిళ్ల చుట్టి ఇమామ్ జామిన్ కట్టింది, ప్రయాణంలో కాపాడాలని. చేతిలో ఇంకొకటి ఉంది. దాన్ని తీసుకుపోయి ఎర్ర తాళంచెవికి కట్టింది.

"చాచీ, అది కరెంటు సామాను!"

"అది గూడ సఫర్ చేస్తది గద, ఉండనీ" అంది మున్నీబీ. వసంతకు ఎదురు చెప్ప బుద్ధి కాలేదు.

జోయా పట్టుబట్టి వసంతను తన పక్కన కూర్చోబెట్టుకుంది. అవతలి కిటికీ దగ్గర పెళ్లికొడుకు, మొహం మీద వేలాడే సెహ్రా పూల వెనక చెమటలు కక్కుతూ. స్టీరింగు ముందు యాసర్, ఎడమ సీట్లో ఇమామ్ సాహెబ్. మూడు హారన్లు మోగాయి. గల్లీ అంతా బయటికొచ్చింది.

ఎర్రవల్లి చౌరస్తా దాటారు, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటారు. పెబ్బేరు దాటి వనపర్తి రోడ్డెక్కేసరికి పొద్దు కుంకుతోంది. "జోయా, నీ దీపాలు చూడు" అంటూ యాసర్ భాస్కర్ పెట్టిపోయిన చిన్న బటన్ నొక్కాడు. బానెట్ మీద ఎరుపు, పసుపు, నీలం బల్బులు మిలమిల వెలిగాయి. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి ఏడుస్తున్న జోయా అది చూసి నవ్వింది.

ఆ నవ్వు ఇంకా ఆగలేదు, వసంత ముక్కుకు వాసన తగిలింది. కాలిన రబ్బరు వాసన. బానెట్ సందులోంచి సన్నగా పొగ. ముందు సీటు మీదుగా ఎంత వంగినా స్విచ్చు ఎక్కడందుతుంది! "చాచా" అని నోరు తెరిచింది.

మాట బయటికి రాకముందే టక్కుమంది.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగింది. యాసర్ వేరుశనగ చేను పక్కకు బండిని దొర్లించి నిలబెట్టాడు. ఇమామ్ సాహెబ్ చెయ్యి ఎర్ర తాళంచెవి మీద, పచ్చగుడ్డ మీద ఉంది. వాసన ఆయనకు ముందే తగిలింది.

అందరూ దిగారు. దండలు తెంపి బానెట్ ఎత్తితే కొంచెం పొగ వచ్చి, అదీ పోయింది. చూస్తే అంతా భాస్కర్ ఘనకార్యం! ఫ్యూజు లేకుండా బల్బుల వైరు ప్లస్సుకు తగిలించాడు. అది బానెట్ అంచు కింద పడి నలిగి, లోపలి రెండు తీగలూ ఒకదానికొకటి తగిలాయి. రెండో తీగ కొస మాత్రం బాడీ బోల్టుకు చుట్టి ఉంది. మైనస్ మొన కోసం వెతికి ఉంటాడు. సైకిల్ ట్యూబు, దాని మీద టేపు చూసి విసుక్కుని వదిలేసి ఉంటాడు. దానికే కట్టి ఉంటే స్విచ్చు ఎంత తిప్పినా ఆ బల్బుల తీగ కాలుతూనే ఉండేది. వసంత ఆ ట్యూబు మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది.

వెనక వస్తున్న పెళ్లివారి కార్లు ఆగాయి. "పిల్లను మా బండి ఎక్కించండి" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి. యాసర్ వసంత మొహంలోకి చూశాడు. అనకపోయినా ఆమెకు వినపడింది, నీ మాట మీద ఉంటినే అక్కా అని.

ఇమామ్ సాహెబ్ సీట్లోంచి దిగలేదు. తాళంచెవి మీద చెయ్యి తియ్యలేదు. అక్కడ్నుంచే అడిగాడు. "బిడ్డా, బండి పోతదా?"

వసంత తొందరపడలేదు. ఫోన్ లైటు పట్టమని యాసర్‌కిచ్చి, కాలిన తీగను మొదలంటా కోసి చేనులోకి విసిరేసింది. భాస్కర్‌ను, వాడి బైండింగ్ వైరును, వాడికి ఆ పని నేర్పినవాడిని నోరారా తిట్టింది. తన వైర్లు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమింది. ఎక్కడా వేడి లేదు, తోలు కరగలేదు. కేబులు బిగువుగా ఉంది. మళ్లీ మొదటి నుంచి తడిమింది. ఆయన సీట్లోంచే ఒక్కో చోటు పేరు చెప్పసాగాడు, సెల్ఫు దగ్గర చూసినవా, డైనమో దగ్గర చూసినవా అని. నోటితోని ఆయన, చేతులతోని ఆమె.

"కాలింది బల్బుల తీగ ఒక్కటే చాచా. సకాలంలో బంద్ చేసినవు. మన బండికి ఏం గాలే. పోతది."

జోయా ఎవరి మాట కోసమూ చూడలేదు. లంగా ఎత్తిపట్టుకుని పోయి తన చోట కూర్చుంది. "నేను అబ్బా బండిల్నే పోత" అంది. పెళ్లికొడుకు సెహ్రా సర్దుకుని ఆమె వెనకే ఎక్కాడు. యాసర్ ఒక్క క్షణం నిలబడి, తర్వాత స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"అబ్బా, ఆన్ చెయ్యి."

టక్కుమంది. ఇంజన్ ఒక్క చుట్టుకే అందుకుంది.

వనపర్తిలో పెళ్లికొడుకు ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. దండలు తెగిన బండిని చూసి ఎవరో అడిగారు, ఎవరు తోలుకొచ్చారు అని. "స్టీరింగ్ నేను పట్టుకున్న" అన్నాడు యాసర్. "మమ్మల్ని తెచ్చింది మా అబ్బా." జోయా వంగి తండ్రి వణికే చేతులు రెండూ పట్టుకుని కండ్లకద్దుకుంది. ఆడవాళ్లు వచ్చి ఆమెను లోపలికి తీసుకుపోయారు.

కారులో ఇమామ్ సాహెబ్, వసంత మిగిలారు. ఆయన వెనక్కి తిరిగాడు. గడ్డం తడిగా ఉంది.

"బిడ్డా, ఇయ్యాల నువ్వు నాకు..." అని మొదలుపెట్టాడు.

పన్నెండేళ్ల నుంచి ఆమె చెప్పాలని చూస్తున్న మాటను ఆయనే చెప్పబోతున్నాడు. వసంతకు ఏడుపు, నవ్వు రెండూ ఒక్కసారే వచ్చాయి. ఇన్నేళ్లూ ఆయన ఆమెను ఆ మాట ఎందుకు చెప్పనివ్వలేదో అప్పుడర్థమైంది. ఆ మాట చెప్పేస్తే చేసింది సాయమైపోతుంది, సొంత పని కాకుండా పోతుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"పని చూడు చాచా, పని" అంది. "బండి నిలబడ్డది. స్విచ్చు బంద్ చెయ్యవా?"

ఆయన చెయ్యి చాచాడు. వేళ్లు గాలిలో కాసేపు వణికి ఎర్ర తాళంచెవిని పట్టుకున్నాయి. సగం తిప్పాడు. టక్కుమంది.